టన్ను పొగకు వెల ఎంత? కార్బన్ ధర లెక్క వెనుక ఏముంది

గాలిలోకి ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలితే ప్రపంచానికి ఎంత నష్టం? అమెరికా ప్రభుత్వం 2010లో దీనికి 21 డాలర్లని జవాబు చెప్పింది. 2017 తర్వాత ట్రంప్ ప్రభుత్వం అదే టన్నుకు 1 నుంచి 7 డాలర్లు కట్టింది. 2021 ఫిబ్రవరిలో బైడెన్ ప్రభుత్వం 51 డాలర్లంది. 2023 డిసెంబరులో ఆ దేశ పర్యావరణ పరిరక్షణ సంస్థ 190 డాలర్లని తేల్చింది. 2025 జనవరిలో ట్రంప్ మళ్లీ గద్దెనెక్కిన రోజే ఆ లెక్క వేసే కమిటీని రద్దు చేశారు.

ఈ అంకెల తేడా మన చేతికి తెలియాలంటే పెట్రోలు లెక్కలో చూడండి. లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. డాలరును 85 రూపాయలు అనుకుంటే, 190 డాలర్ల లెక్కన ఆ లీటరు వల్ల లోకానికి జరిగే నష్టం 37 రూపాయలు. 51 డాలర్ల లెక్కన 10 రూపాయలు. ఒక్క డాలర్ లెక్కన 20 పైసలు. 37 రూపాయలకూ 20 పైసలకూ మధ్య ఉన్న దూరాన్ని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, ఇదంతా ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవడమేనా అని.

కాదు. ప్రతి అంకె వెనుకా ఒక పద్ధతి ఉంది, దాన్ని విప్పి చూడొచ్చు. విప్పితే ఒక సంగతి బయటపడుతుంది. అంకెను అటూ ఇటూ లాగేది చాలావరకు వాతావరణ శాస్త్రం కాదు. వందేళ్ల తర్వాత పుట్టే మనిషికి మనం ఎంత విలువ ఇస్తాం, పేద దేశంలో ఉన్న మనిషికి ఎంత విలువ ఇస్తాం అనే రెండు నిర్ణయాలే దాన్ని ఎక్కువగా లాగుతాయి. ఈ నిర్ణయాలు ఆర్థికవేత్తల గదుల్లో, సమీకరణాల మధ్య జరిగిపోతున్నాయి. అవి అందరూ మాట్లాడుకోవాల్సినవి కాబట్టి, లెక్క ఎలా నడుస్తుందో అందరికీ తెలియాలి.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. కార్బన్ ధర అనే పేరుతో మూడు వేరు వేరు సంగతులు చలామణీ అవుతున్నాయి. టన్ను పొగ వల్ల జరిగే నష్టం ఎంత అనేది ఒకటి. భూతాపాన్ని ఫలానా హద్దు లోపల ఆపాలంటే టన్నుకు ఎంత పన్ను వేయాలి అనేది రెండోది. టన్ను వదిలే హక్కు మార్కెట్లో ఇవాళ ఎంతకు అమ్ముడుపోతోంది అనేది మూడోది. వార్తల్లో మూడింటినీ కలిపి రాసేస్తుంటారు. యూరప్‌లో 80 యూరోలు, ఐక్యరాజ్యసమితి నివేదికలో వేల డాలర్లు, అమెరికాలో 190 అని పక్కపక్కన చూసి జనం తికమకపడేది ఇందుకే. పాత పరిశోధనా పత్రాల్లో ఇంకో మెలిక ఉంటుంది. అక్కడ టన్ను అంటే చాలాసార్లు కార్బన్ డయాక్సైడ్ టన్ను కాదు, అందులోని కార్బన్ ఒక్కటే. ఒక టన్ను కార్బన్ నుంచి 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇది గమనించకపోతే ధర మూడున్నర రెట్లకు పైగా తప్పుతుంది.

నష్టం లెక్క

అమెరికా అంకెలన్నీ మొదటి రకానివి. దీన్ని కార్బన్ సామాజిక వ్యయం అంటారు. ఈ లెక్క ప్రభుత్వ పద్దుల్లోకి రావడానికి ఒక కోర్టు తీర్పు తోడ్పడింది. వాహనాల మైలేజీ ప్రమాణాలు ఖరారు చేసేటప్పుడు అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి, కార్బన్ నష్టాన్ని కచ్చితంగా కొలవలేం కాబట్టి దాని విలువను సున్నాగా తీసుకుంది. అంకె ఎంతో తెలియకపోవచ్చు గానీ అది సున్నా మాత్రం కాదని 2007లో ఫెడరల్ అప్పీలు కోర్టు తప్పుపట్టింది. ఈ విషయంలో నేను చదివినవాటిలో అన్నిటికన్నా సూటిగా ఉన్న వాదన ఇదే. లెక్క వేయలేదంటే నష్టం సున్నా అని లెక్క వేసినట్టే.

పద్ధతి చెప్పుకోవడానికి తేలిక. ప్రపంచ జనాభా, ఆదాయం, ఉద్గారాలు రాబోయే రెండు మూడు వందల ఏళ్లలో ఎలా సాగుతాయో ఊహించి ఒక కంప్యూటర్ మోడల్‌ను నడుపుతారు. ఆ ఉద్గారాల్లో ఎంత గాలిలో మిగులుతుంది, దానికి భూమి ఎంత వేడెక్కుతుంది, ఆ వేడికి పంటలు, ప్రాణాలు, తీరప్రాంతాలు, కరెంటు ఖర్చు ఎలా దెబ్బతింటాయి అని మోడల్ ఏడాది ఏడాదికీ లెక్కగడుతుంది. తర్వాత అదే మోడల్‌ను రెండోసారి నడుపుతారు. ఈసారి ఒక ఏడాదిలో కొంచెం కార్బన్ డయాక్సైడ్ అదనంగా కలుపుతారు. రెండు పరుగుల మధ్య నష్టంలో వచ్చిన తేడాను ఇవాళ్టి డబ్బులోకి మార్చి, అదనపు టన్నులతో భాగిస్తే వచ్చేదే టన్ను ధర.

ఈ దారిని వేసినవాళ్లలో ముఖ్యుడు యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం నార్డ్‌హౌస్. 1990ల మొదట్లో ఆయన కట్టిన డైస్ మోడల్ ఇప్పటికీ పాఠ్యాంశమే. 2018లో ఆయనకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. రిచర్డ్ టోల్ కట్టిన ఫండ్, కేంబ్రిడ్జ్‌లో క్రిస్ హోప్ కట్టిన పేజ్ మిగతా రెండు. 2010 నాటి 21 డాలర్లు ఈ మూడింటి ఫలితాలను కలిపి తీసిన సగటే.

ఈ మోడళ్లలో అన్నిటికన్నా బలహీనమైన అతుకు ఎక్కడుందంటే వేడిని నష్టంగా మార్చేచోట. నార్డ్‌హౌస్ 2016 మోడల్‌లో భూమి 3 డిగ్రీలు వేడెక్కితే ప్రపంచ ఆదాయంలో 2.1 శాతం పోతుంది, 6 డిగ్రీలు వేడెక్కితే 8.5 శాతం. చివరి మంచుయుగంలో భూమి సగటున ఇప్పటికన్నా 5, 6 డిగ్రీలే చల్లగా ఉండేది. ఉత్తర అమెరికాలో సగభాగం మంచు పలకల కింద ఉండేది. అంత తేడా రెండోవైపు వస్తే ఆదాయం నూటికి ఎనిమిదిన్నర తగ్గి ఊరుకుంటుందంటే నమ్మడం కష్టం. నార్డ్‌హౌస్ మాత్రం దాచిందేమీ లేదు. అందుబాటులో ఉన్న కొద్దిపాటి అధ్యయనాల మీద గీసిన గీత అది, లెక్కకు అందనివాటి కోసం 25 శాతం కలిపాను అని రాసే పెట్టారు. 3 డిగ్రీల దగ్గర నష్టాన్ని 2023 మోడల్‌లో 3.1 శాతానికి పెంచారు కూడా.

అంకె అంత చిన్నగా రావడానికి మూలం పాతది. అమెరికా ఆదాయంలో 87 శాతం వాతావరణంతో పెద్దగా పనిలేని రంగాల నుంచే వస్తుందని, వ్యవసాయం లాంటి సున్నితమైన రంగాల వాటా 3 శాతమేనని 1991లో నార్డ్‌హౌస్ రాశారు. ఏసీ గదుల్లో నడిచే ఆర్థిక వ్యవస్థను చూసి రాసిన మాట అది. మన దేశంలో పనిచేసేవాళ్లలో నూటికి 45 మంది దాకా వ్యవసాయంలోనే ఉన్నారు. దేశ ఆదాయంలో వ్యవసాయం వాటా అందులో సగం కూడా లేదు. ఆదాయంలో వాటాను బట్టి నష్టాన్ని కొలిస్తే, ఇంతమంది బతుకు ఆధారపడిన రంగం లెక్కలో చిన్న గడిలోకి కుదించుకుపోతుంది. పైగా తిండి కొరత వస్తే తిండి ధర ఎన్ని రెట్లవుతుందో ఆ వాటా చెప్పదు.

ఈ అతుకును సరిచేయడానికి కొత్తతరం పరిశోధకులు గతంలోని గణాంకాల వైపు తిరిగారు. 2015లో బర్క్, సియాంగ్, మిగెల్ అనే ముగ్గురు 166 దేశాల యాభై ఏళ్ల వివరాలు పరిశీలించి, ఏడాది సగటు ఉష్ణోగ్రత 13 డిగ్రీల దగ్గర ఉత్పాదకత గరిష్ఠంగా ఉంటుందని, అది దాటితే పడిపోతుందని చెప్పారు. హైదరాబాద్ సగటు 26 డిగ్రీల పైనే. వేడి ఇలాగే పెరిగితే 2100 నాటికి ప్రపంచ సగటు ఆదాయం 23 శాతం దాకా తగ్గుతుందని వాళ్ల అంచనా. నార్డ్‌హౌస్ 2.1 ఎక్కడ, ఈ 23 ఎక్కడ! తేడా అంతా ఒక ప్రశ్నలో ఉంది. ఎండ మండిన ఏడాది ఆ ఒక్క ఏడాది ఆదాయమే తగ్గి మరుసటి ఏడాది కోలుకుంటుందా, లేక వృద్ధి రేటే దెబ్బతింటుందా? వృద్ధి రేటు దెబ్బతింటే నష్టం ఏటేటా పేరుకుంటూ పోతుంది. ఈ ప్రశ్న ఇంకా తేలలేదు.

ఈ రకం లెక్కలు ఎంత సున్నితమైనవో చెప్పే ఉదంతం ఈమధ్యే జరిగింది. జర్మనీలోని పోట్స్‌డామ్ పరిశోధకుల పత్రం ఒకటి 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. అందులో 2100 నాటి నష్టం 62 శాతం దాకా ఉంది. ఉజ్బెకిస్థాన్ అనే ఒక్క దేశపు 1990ల నాటి ఆర్థిక గణాంకాలు సరిగ్గా లేవని, వాటిని తీసేస్తే 62 కాస్తా 23 అవుతుందని వేరే పరిశోధకులు పట్టుకున్నారు. 2025 డిసెంబరులో ఆ పత్రాన్ని ఉపసంహరించారు. ఒక దేశపు పద్దు ప్రపంచం మొత్తం అంకెను అంత కదిపింది. దీన్ని పట్టుకుని ఈ శాస్త్రమంతా బూటకం అనేవాళ్లున్నారు. తప్పును పట్టుకున్నదీ, బహిరంగంగా చెప్పిందీ, దిద్దిందీ ఈ రంగంలోని వాళ్లే కదా. నాకైతే ఇది నమ్మకం పెంచే సంగతి.

తిరగేసిన వడ్డీ

ఇక లెక్కలో అసలు తలకాయ లాంటి భాగం డిస్కౌంట్ రేటు. ఇవాళ వదిలిన పొగ నష్టం చాలావరకు మన తర్వాతి తరాలకు జరుగుతుంది. వందేళ్ల తర్వాతి కోటి రూపాయల నష్టం ఇవాళ ఎంతతో సమానం? బ్యాంకులో వేసిన డబ్బుకు చక్రవడ్డీ ఎలా పెరుగుతుందో, దాన్ని తిరగేస్తే అలా తగ్గుతుంది. ఏడాదికి 7 శాతం రేటు పెడితే ఆ కోటి ఇవాళ్టి 11,500 రూపాయలు. 5 శాతం పెడితే 76 వేలు. 3 శాతానికి 5.2 లక్షలు. 2 శాతానికి 13.8 లక్షలు. 1.4 శాతానికి దాదాపు 25 లక్షలు. నష్టం అదే కోటి, వందేళ్లు అవే. రేటు మారితే విలువ రెండు వందల రెట్లకు పైగా మారింది.

ట్రంప్ ప్రభుత్వపు ఒక డాలర్ అంకె సగం ఇక్కడి నుంచే వచ్చింది. 7 శాతం రేటు వాడారు. మిగతా సగం, అమెరికా లోపల జరిగే నష్టాన్నే లెక్కలోకి తీసుకుని మిగతా ప్రపంచాన్ని వదిలేయడం వల్ల వచ్చింది. 2010లో ప్రధాన అంకెకు వాడింది 3 శాతం. 2023లో 190 డాలర్లకు వాడింది 2 శాతం. అదే 2023 నివేదికలో రేటు 2.5 శాతమైతే 120 డాలర్లు, 1.5 శాతమైతే 340 డాలర్లు అని పక్కనే ఉంది.

ఈ రేటు ఎంత ఉండాలో చెప్పే సూత్రం 1928లో ఫ్రాంక్ రామ్సే అనే ఇరవై అయిదేళ్ల కేంబ్రిడ్జ్ గణితవేత్త రాసిన పత్రం నుంచి వచ్చింది. రేటులో రెండు ముక్కలుంటాయి. మొదటిది శుద్ధమైన అసహనం. రేపటి మనిషి సుఖం, కేవలం రేపటిది కాబట్టి, ఇవాళ్టి మనిషి సుఖం కన్నా తక్కువ అనుకోవడం. రెండోది, రాబోయే తరాలు మనకన్నా ధనికులై ఉంటారు కాబట్టి వాళ్లకు పోయే రూపాయి మనకు పోయే రూపాయి అంత బాధించదు అనే తర్కం. మొదటి ముక్కను రామ్సే ఒప్పుకోలేదు. అది నైతికంగా నిలబడదని, ఊహాశక్తి లేకపోవడం వల్ల వచ్చేదని ఆయన రాశారు.

2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ రాసిన నివేదిక రామ్సే వైపు నిలబడింది. మానవజాతి ఏదైనా ఉపద్రవంలో అంతరించిపోయే అవకాశానికి మాత్రం 0.1 శాతం పెట్టి, వృద్ధి కోసం 1.3 కలిపి, మొత్తం 1.4 శాతం అంది. నార్డ్‌హౌస్ మొదటి ముక్కకు 1.5, రెండోదానికి 4 పెట్టి 5.5 దగ్గరికి వచ్చారు. జనం మార్కెట్లో నిజంగా ఎలా ప్రవర్తిస్తున్నారో అదే ఆధారం కావాలి, నీతి పాఠాలు కాదు అని ఆయన వాదన. స్టెర్న్ టన్నుకు 85 డాలర్లంటే, అప్పట్లో నార్డ్‌హౌస్ అంకె దానిలో చిన్న భాగం. వాతావరణ శాస్త్రం విషయంలో ఇద్దరికీ పెద్ద పేచీ లేదు.

నేను ఈ విషయంలో స్టెర్న్ వైపే. మార్కెట్లో వడ్డీ రేటు ఇవాళ బతికున్నవాళ్లు ఇవాళ్టి తమ డబ్బుతో ఏం చేస్తున్నారో చెబుతుంది. ఇంకా పుట్టని మనిషి ఆ మార్కెట్లో లేడు, బేరమాడలేడు. అతనికి జరిగే నష్టానికి మన బ్యాంకు రేటు కట్టడం న్యాయం అనిపించుకోదు. అయినా నార్డ్‌హౌస్ వాదనలో బలం లేకపోలేదు. ఆయన దారిలో నడిచినా ఇవాళ తక్కువ రేటే వస్తుంది. అమెరికా ట్రెజరీ బాండ్ల (ప్రభుత్వ అప్పు పత్రాల) మీద నిజ వడ్డీ, అంటే ధరల పెరుగుదల తీసేశాక మిగిలే వడ్డీ, గత మూడు దశాబ్దాల్లో పడిపోయింది కాబట్టే, నీతి చర్చ జోలికి పోకుండానే, 2023లో 3 శాతం 2 శాతమైంది.

ఎవరి ప్రాణం ఎంత

190 డాలర్ల లోపల ఏముందో చూద్దాం. 2022లో నేచర్‌లో వచ్చిన ఒక అధ్యయనం 2 శాతం రేటుతోనే 185 డాలర్లని తేల్చింది. ప్రభుత్వ అంకెకు అది ఒక మూలస్తంభం. అందులో ముక్కలు ఇలా ఉన్నాయి: వేడి వల్ల మరణాలు 90 డాలర్లు, వ్యవసాయం 84, కరెంటూ ఇంధనం ఖర్చు 9, సముద్ర మట్టం పెరగడం 2. దాదాపు మొత్తం తిండీ ప్రాణాలే. 185 అనేది కూడా వేల సార్లు మోడల్ నడిపి తీసిన సగటు. అసలు వ్యాప్తి 44 నుంచి 413 వరకు ఉంది.

మరణాలను డాలర్లలోకి ఎలా మార్చారన్నది ఇక్కడ వచ్చే ప్రశ్న. ప్రమాదం కాస్త తగ్గడానికి జనం ఎంత ఖర్చుపెట్టడానికి సిద్ధపడతారో చూసి ప్రాణానికి ఒక గణాంక విలువ కడతారు. అమెరికాలో అది దాదాపు కోటి డాలర్లు. మిగతా దేశాలకు ఆ దేశపు తలసరి ఆదాయాన్ని బట్టి తగ్గిస్తారు. ఆదాయం పదో వంతైతే ప్రాణం వెల కూడా పదో వంతు. 2015 మేలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా మంది చనిపోయారు. ఎక్కువమంది ఎండలో కూలి చేసుకునేవాళ్లు, వృద్ధులు. అలాంటి మరణం ఈ మోడల్‌లోకి వెళ్లేటప్పుడు, అమెరికాలో ఎండకు పోయిన ప్రాణం కన్నా ఎన్నో రెట్లు చిన్నదై వెళ్తుంది. 1995లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ నివేదికలో ఇదే తరహా లెక్క వచ్చినప్పుడు భారత్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. గొడవ పెద్దదైంది. లెక్క మాత్రం పోలేదు.

దీనికి వేరే దారి ఉంది. పేదవాడికి పోయిన రూపాయికి ధనికుడికి పోయిన రూపాయి కన్నా ఎక్కువ బరువు ఇవ్వడం. వచ్చే తరాలు ధనికులు కాబట్టి వాళ్ల నష్టానికి బరువు తగ్గించాలనే తర్కాన్ని డిస్కౌంట్ రేటులో ఒప్పుకున్నవాళ్లు, ఇవాళ్టి పేదలకు బరువు పెంచడానికి ఎందుకు వెనకాడాలి? జర్మనీ పర్యావరణ సంస్థ ఈ బరువులు వేసే లెక్క కట్టింది. 2020కి టన్నుకు 195 యూరోలు. శుద్ధ అసహనాన్ని సున్నా చేస్తే 680 యూరోలు.

ఇన్ని మలుపులున్నప్పుడు ఈ లెక్కను నమ్మొచ్చా? మోడళ్ల నుంచి దాదాపు ఏమీ తెలియదని ఎంఐటీ ఆర్థికవేత్త రాబర్ట్ పిండైక్ 2013లో తేల్చేశారు. హార్వర్డ్‌లో మార్టిన్ వైట్‌జ్‌మన్ ఇంకో వైపు నుంచి వచ్చారు. సగటు నష్టం చుట్టూ తిరగడం వృథా, అవకాశం కొద్దిగానే ఉన్నా సర్వనాశనం చేసే ఘటన ఉంటే లెక్కంతా దానిదే అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

లక్ష్యం లెక్క, మార్కెట్ లెక్క

ఈ చిక్కులన్నీ చూసి బ్రిటన్ 2009లో నష్టం లెక్కను పక్కన పెట్టేసింది. చట్టంలో ఎలాగూ ఉద్గారాల లక్ష్యం ఉంది, దాన్ని చేరాలంటే చివరి టన్నును తగ్గించడానికి ఎంత ఖర్చవుతుందో అదే ధర అనుకుంది. నెట్ జీరో (వదిలే పొగా, తిరిగి పీల్చుకునే పొగా సమానం కావడం) లక్ష్యం వచ్చాక 2021కి టన్నుకు 245 పౌండ్లని లెక్క కట్టింది. ఫ్రాన్స్ కూడా ఇదే దారి. 2030కి 100 యూరోలని మొదట అనుకుని, ఆలస్యమయ్యేకొద్దీ లక్ష్యం కఠినమై, 2019లో దాన్ని 250కి పెంచింది.

ఈ దారిలో డిస్కౌంట్ రేటు గొడవ తగ్గుతుంది గానీ టెక్నాలజీ గొడవ మొదలవుతుంది. తాపాన్ని 1.5 డిగ్రీల లోపు ఆపాలంటే 2030లో టన్ను ధర 135 నుంచి 6,050 డాలర్ల దాకా ఉండాలని 2018 నాటి ఐపీసీసీ నివేదికలో మోడళ్లు చెప్పాయి. సోలార్ ఎంత చవకవుతుంది, గాలిలోంచి కార్బన్‌ను తిరిగి లాగే యంత్రాలు పనిచేస్తాయా అనే ఊహలను బట్టి అంత తేడా. ఈ ఊహలు ఎంత తప్పగలవో మన కళ్లముందే కనబడింది. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదటి వేలాల్లో యూనిట్ 12 రూపాయల చుట్టుపక్కల పలికింది. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో 3 రూపాయల 15 పైసలకు వచ్చింది, మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు దిగింది. ఇంత వేగంగా దిగుతుందని చాలా మోడళ్లు ఊహించలేదు. సోలార్ ఖరీదు అనుకున్న మోడల్ కార్బన్ ధరను కూడా ఎక్కువగానే చూపిస్తుంది.

మూడోది మార్కెట్ ధర. దీన్ని ఎవరూ అంచనా వేయక్కర్లేదు, తెరమీద కనబడుతుంది. యూరప్ మార్కెట్ 2005లో మొదలైంది. పర్మిట్లు, అంటే టన్ను వదిలే హక్కు పత్రాలు, అవసరానికి మించి పంచడంతో 2007 నాటికి ధర దాదాపు సున్నాకు పడింది. పంపిణీ బిగించాక 2023 ఫిబ్రవరిలో 100 యూరోలు దాటింది. ఈ ధర ప్రభుత్వం ఎన్ని పర్మిట్లు వదిలిందో చెబుతుందే తప్ప, నష్టం గురించి ఏమీ చెప్పదు. 2026 జనవరి నుంచి యూరప్ తన సరిహద్దులో ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల దిగుమతులకు కూడా ఈ ధరను వర్తింపజేస్తోంది కాబట్టి అది మన ఎగుమతిదారుల ఖాతాల్లోకీ వస్తోంది.

మరి మన దగ్గర? 2018లో ఒక పరిశోధక బృందం నష్టాన్ని దేశాలవారీగా విడగొట్టింది. ప్రపంచంలో ఎవరు వదిలిన టన్ను అయినా సరే, దానివల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయే దేశం భారత్ అని తేలింది. టన్నుకు 86 డాలర్లు. అమెరికాకు 48. ఇప్పటికే వేడిగా ఉన్న నేల, ఎక్కువ జనాభా, ముందుముందు పెరగబోయే ఆదాయం కలిసి ఈ అంకెను పెంచాయి. దీని పక్కన మన బొగ్గు సెస్సు పెట్టి చూడండి. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయలతో మొదలై 2016కి 400 అయింది. టన్ను బొగ్గు నుంచి ఒకటిన్నర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు మనం వేసుకున్న ధర మూడు డాలర్ల చుట్టుపక్కల. 2025 సెప్టెంబరు జీఎస్టీ మార్పుల్లో ఆ సెస్సు పోయి, బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. పన్ను ఇప్పుడు బొగ్గు ఖరీదును బట్టి పడుతుంది, బరువును బట్టి కాదు.

దీనికి తోడు 2023లో నోటిఫై అయిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం కింద దేశీ మార్కెట్ రాబోతోంది. ఇక్కడ మొత్తం ఉద్గారాలకు హద్దు లేదు. టన్ను సిమెంటుకు, టన్ను అల్యూమినియానికి ఎంత వదలొచ్చు అనే లక్ష్యాలున్నాయి. లక్ష్యం కన్నా తక్కువ వదిలినవాళ్లకు అమ్ముకునే క్రెడిట్లు వస్తాయి. లక్ష్యాలు వదులుగా ఉంటే క్రెడిట్లు కుప్పలుగా వచ్చి ధర పడిపోతుంది, బిగువుగా ఉంటే పెరుగుతుంది. ఆ తెరమీద టన్నుకు కొన్ని వందల రూపాయలే కనబడిన రోజున, టన్ను పొగ చేసే కీడు అంతే అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ అంకె లక్ష్యాలు ఎంత బిగువో చెబుతుంది. కీడు లెక్క వేరు, ఒక్క మన దేశానికే 86 డాలర్లన్నది అది.